దావీదు వంతు రోజులు

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. సగం విని లేచిపోయినవాళ్ళు కొందరు, మొత్తం విని నవ్వినవాళ్ళు కొందరు. పాస్టరు గారికి చెబితే ప్రార్థన చేసుకోమన్నారు. నేను వాళ్ళ మతంవాణ్ణి కాననే సంగతి కూడా ఆయనకు గుర్తులేదు. మా అన్న కొడుకు నాకు మతి చెదిరిందన్నాడు. ఒక పత్రికకు రెండుసార్లు రాసి పంపాను, జవాబు కోసం స్టాంపులు కూడా పెట్టి. జవాబూ రాలేదు, స్టాంపులూ రాలేదు. ఇది మూడోసారి. ఈసారి ఒక్క ముక్క వదలకుండా రాస్తున్నాను.

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మే ఉద్యోగం కాదు నాది. గురజాల మునసబు కోర్టులో సమన్లు అందించే బంట్రోతును. ఊళ్ళలో అమీనా అనేవాళ్ళు. పాడుబడ్డ ఇళ్ళలోకి వెళ్ళాను, స్మశానాల పక్కనుంచి సైకిలు తొక్కాను. ఎక్కడా ఏదీ కనబడలేదు. కనబడినవాళ్ళల్లా దాక్కున్న మనుషులే. ఒకడు గడ్డివాములో దూరి తుమ్మి దొరికిపోయాడు. ఇంకొకాయన తాను చచ్చిపోయానని పెళ్ళాంచేత ఏడిపించాడు. నేను అరుగుమీద కూర్చుని మంచినీళ్ళడిగితే, లోపలినుంచి ఆ శవమే, "ఇవ్వవే, ఎండనబడి వచ్చాడు," అంది.

అలాంటి ఉద్యోగం చేసేవాడితో ఎవరు స్నేహం చేస్తారు? కారెంపూడి దగ్గర మేం కాపురమున్న ఊళ్ళో నా ఖాకీ కోటు కనబడితే తలుపులు పడేవి. నాకు కాగితాలు లేని రోజున కూడా పడేవి. పలకరించడానికి వెళ్ళినా పడేవి.

నాకున్న సరదా ఒక్కటే, గాలం. ఊరికి మైలు దూరంలో నాగులేటి మడుగు ఉండేది. ఏరు ఎండినా ఆ మడుగు ఎండేది కాదు. మొదట్లో ఒక్కణ్ణే వెళ్ళేవాణ్ణి. అందులో ఉన్న చిక్కు గాలం వేసినవాళ్ళకే తెలుస్తుంది. పెద్ద చేప కావాలంటే ఒకే చోట రోజూ తెల్లవారేసరికి తవుడు ముద్దలు వేసి చేపను మరపాలి, అంటే ఆ చోటుకు అలవాటు చెయ్యాలి. వారం, పది రోజులు మరిపితే చేప ఆ చోటు వదలదు. రెండు రోజులు వేసి మూడో రోజు మానేస్తే అంతా మొదటికొస్తుంది. ఒంటరిగా వెళ్ళేవాడికి ఆ మూడో రోజే గండం. మంచం వదలబుద్ధి కాదు. ఎందుకు రాలేదని అడిగేవాడు ఉండడు. అలా మూడేళ్ళలో నేను పట్టినవి పరిగెలు, జెల్లలు, అంతే.

దావీదు నాపరాళ్ళ క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. ఒకరోజు వాళ్ళ మేస్త్రీ పేరున సమన్లు పట్టుకుని క్వారీకి వెళితే అందరూ తలో దిక్కూ పరిగెత్తారు. దావీదు ఒక్కడే కూర్చుని చద్దన్నం తింటున్నాడు.

"నా పేరున ఏమన్నా ఉందా అన్నా?" అన్నాడు.

లేదన్నాను.

"అయితే కూచో. నిలబడితే నాకు ముద్ద దిగదు."

అలా మొదలైంది. వాడికీ గాలం పిచ్చే. వంతులు పెట్టుకున్నాం. సోమ, బుధ, శుక్రవారాలు మేత వెయ్యడం వాడి వంతు. మంగళ, గురు, శనివారాలు నాది. ఆదివారం వాడు చర్చి నుంచి వచ్చాక ఇద్దరం కలిసి కూర్చుని గాలాలు వేసేవాళ్ళం. మేత వేసినవాడు గుర్తుగా ఒక ముద్దను ఒడ్డునున్న చదును బండమీద వదిలిపెట్టాలి. మర్నాడు వచ్చినవాడు దాన్ని చూసి, సరే, నిన్న వంతు తప్పలేదు అనుకోవాలి. నేను ముద్దను ఉత్త బండమీదే పెట్టేవాణ్ణి. వాడు జిల్లేడాకు కోసి, బోర్లా పరిచి, దానిమీద పెట్టేవాడు. "ఎవరింటికన్నా పోతే ఉత్త నేలమీద పెడతారా అన్నా?" అనేవాడు. నాది వట్టి తవుడు. వాడి అక్క నూనె గానుగలో పనిచేసేది కాబట్టి వాడు వేరుశనగ చెక్క, వేయించిన మెంతులు కలిపేవాడు. ఈ తేడాలు గుర్తుపెట్టుకోండి. తర్వాత అడ్డు ప్రశ్నలు వెయ్యకండి.

ఏడేళ్ళు అలా సాగింది. నాకు జ్వరమొచ్చినా నా వంతు తప్పలేదు. తప్పితే వాడి ముఖం చూడలేను. వాడూ తప్పలేదు. ఏడేళ్ళలో ఆదివారాలు మేం మాట్లాడుకున్నది ఎంత అని అడిగితే చెప్పలేను. నీళ్ళమీద గాలం బెండు కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చోవడమే. అయినా ఆ ఆదివారం కోసమే మిగతా ఆరు రోజులూ తలుపులు పడుతుంటే భరించాను.

సాగర్ కాలువ తవ్వుతున్న రోజుల్లో, ఒక మాఘమాసం ఆదివారం, దావీదు రాలేదు. పొద్దుగూకేదాకా చూశాను. కబురైనా లేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. మంగళవారం పొద్దున నా వంతుకు వెళ్ళేసరికి బండమీద జిల్లేడాకు ఉంది. దానిమీద ముద్ద ఉంది. పైన ఎండింది, లోపల తడిగానే ఉంది. అంటే సోమవారం వచ్చాడు. మేత వేసి వెళ్ళాడు. ఆదివారం నా పక్కన కూర్చోవడానికి మాత్రం తీరిక లేకపోయింది.

ఆ సాయంత్రం వాళ్ళ పల్లెకు వెళ్ళాను. తలుపు తీసింది దావీదు బావమరిది ప్రకాశం. తలుపు సగమే తీశాడు.

"బావ ఇంట్లో లేడండీ."

"ఎక్కడికెళ్ళాడు?"

"గుంటూరు."

అని తలుపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అమీనా వచ్చినప్పుడల్లా పల్నాడు మగవాళ్ళందరూ గుంటూరులోనే ఉంటారు. రోజుకు నాలుగుసార్లు వినే మాట అది. ఇంట్లో గాజుల చప్పుడు వినబడుతుంటుంది, చుట్ట వాసన వస్తుంటుంది, మనిషి మాత్రం గుంటూరులో. ఏడేళ్ళు నా పక్కన కూర్చున్నవాడు నాకు కూడా అదే మాట చెప్పించాడు.

గురువారం చూశాను. ఆకు, ముద్ద. శనివారం చూశాను. ఆకు, ముద్ద. ఆదివారం మాత్రం మనిషి లేడు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. వాడి వంతులో ఒక్కటి కూడా తప్పలేదు. ఆదివారం మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. నేనేం తప్పు చేశానా అని ఏడేళ్ళ మాటలూ తిరగేశాను. ఒక్క తప్పు దొరకలేదు. దొరకకపోయేసరికి కోపం ఇంకా పెరిగింది.

మానేద్దామని అనుకోలేదా అంటే అనుకున్నాను. కానీ నేను మానేస్తే, అదిగో అన్న ఓడిపోయాడు అనుకుంటాడు. మనిషి తోడుంటే వెళ్ళడం ఎంత తేలికో చెప్పాను కదా. కోపం తోడున్నా అంతే. ఆ నెల్లాళ్ళూ నన్ను తెల్లవారకముందే మంచం మీదనుంచి లేపింది కోపమే. వాడి వంతు రోజున వెళ్ళి చూడవచ్చు కదా అని మీరనవచ్చు. ఎందుకు వెళ్ళాలి? ఎగవేసేవాళ్ళ వెంటపడటానికి నాకు కోర్టు ఉంది.

ఐదో ఆదివారం రాగండి పడింది. రెండు వీశెలకు తగ్గదు. ఏడేళ్ళలో అంత చేప మాకు పడలేదు. ఒక్కణ్ణే ఒడ్డుకు లాగాను. చూడటానికి పక్కన ఎవరూ లేరు. చేతులు చెక్కుకుపోయి రక్తం కారుతుంటే కూడా నాకు సంతోషం రాలేదు.

ఇంటికి తెచ్చాను. నా భార్య పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని శుభ్రం చేస్తూ పిలిచింది.

"ఏందయ్యా, చెక్క కొన్నావా నువ్వు? దీని కడుపు నిండా వేరుశనగ చెక్కే. మెంతుల వాసన కూడా వస్తంది."

వెళ్ళి నా కళ్ళతో చూశాను. చెక్క పలుకులు నలిగి కూడా లేవు. ఆమె ఇప్పటికీ ఉంది. కావాలంటే అడగండి. అబద్ధమాడే మనిషి కాదు, నా ముఖాన నిజాలు చెప్పడంలో అయితే మరీ దిట్ట.

అంటే ఆకుమీద ముద్ద పెట్టి వెళ్ళడం కాదు, వాడు నిజంగానే మడుగులో మేత వేస్తున్నాడు. ఇక నాకు ఓపిక అయిపోయింది. బుధవారం, వాడి వంతు రోజున, ఇంకా చీకటి ఉండగానే వెళ్ళి బండకు ఎదురుగా రాళ్ళ మధ్య కూర్చున్నాను. దాక్కున్నవాళ్ళను పట్టుకోవడం నా వృత్తి. దారి కనబడుతుంది, బండ కనబడుతుంది, మధ్యలో ఇసుక. వెలుతురు వచ్చేసరికి బండ ఖాళీగా ఉండటం చూశాను. ఇది ప్రమాణం చేసి చెబుతాను.

ఎవరూ రాలేదు. ఎండ నీళ్ళమీద పడింది. అప్పుడు మడుగులో, మేం మేత వేసే చోట, చేపలు లేచాయి. మేత పడినప్పుడు ఎలా లేస్తాయో అలాగే, నోళ్ళు తెరిచి, చప్పుడు చేస్తూ. నా తల అటు తిరిగింది. ఎంతసేపు? ఒక మనిషి రెండుసార్లు ఊపిరి తీసుకునేంతసేపు. మళ్ళీ బండవైపు చూశాను. జిల్లేడాకు ఉంది. బోర్లా పరిచి ఉంది. దానిమీద ముద్ద ఉంది. తడిగా మెరుస్తోంది.

భయపడ్డానని రాస్తే మీకు నచ్చుతుందేమో. నేను భయపడలేదు. లేచి తిట్టాను.

"ఒరేయ్ దావీదూ! ఎదటికి రారా! నా ముందుకొచ్చి చెప్పరా, నీకు నేనేం చేశానో!"

తుమ్మపొదలన్నీ వెతికాను. రాళ్ళ సందులు వెతికాను. ఇసుకలో నా అడుగులు తప్ప ఇంకొకరివి లేవు. ఆకు తుంచిన తొడిమ దగ్గర పాలు ఇంకా కారుతున్నాయి.

మనిషి తప్పించుకు తిరుగుతుంటే కాగితాన్ని వాడి తలుపుకు అంటించి రావడం మా కోర్టు పద్ధతి. మా గాలాలు రెండూ అక్కడే ఒక రాతి చీలికలో ఉండేవి. దావీదు గాలం తీసుకుని నేరుగా వాళ్ళ పల్లెకు వెళ్ళి వాళ్ళ తలుపుకు ఆనించాను. ఇక నీకూ నాకూ చెల్లు అని దాని అర్థం. చప్పుడుకు ప్రకాశం బయటికి వచ్చాడు.

"మీ బావను పిలువు," అన్నాను.

"బావ చచ్చిపోయాడండీ. రేపటికి రెండు వారాలు."

నేను నవ్వాను.

దాచి ప్రయోజనం లేదు, నవ్వాను. "ఇట్టాంటివి చానా చూశాన్లేరా. లోపల మంచినీళ్ళడిగితే ఆయనే పలుకుతాడా?" అన్నాను.

ప్రకాశం వెనకనుంచి మరియమ్మ వచ్చింది. దావీదు భార్య. మెడలో ఏమీ లేదు. తలుపుకు ఆనించిన గాలాన్ని చూసింది, నన్ను చూసింది. అప్పుడు నాకు నిజం తెలిసింది.

"క్వారీలో రాయి ఎత్తుతా రక్తం కక్కుకున్నాడన్నా," అంది. "ఆ శనివారమే గుంటూరు ఆసుపత్రికి తీసకపొయ్యాం. ఆడ్నే పోయాడు. ఆడ్నే మట్టి చేసొచ్చాం. మీకేందో చెప్పమని మా తమ్ముడికి చెప్పాడు. వీడు చెప్పలేదా?"

నేను ప్రకాశాన్ని చూశాను. అతను నేలను చూస్తూ, "నవ్వే మడిసికి ఏం చెప్తాం అక్కా," అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పుడు నవ్వాను, సరే. మొదటి మంగళవారం నవ్వలేదు కదా? గుంటూరు అన్నవాడు ఆసుపత్రి అని ఇంకొక్క మాట అంటే వాడి నోరు అరిగిపోయేదా? బస్సెక్కితే ఒక్క పూట ప్రయాణం. వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాణ్ణి. మాట్లాడకపోయినా కూర్చునేవాణ్ణి. మాకు అది అలవాటే. తర్వాత ఒకసారి నిలదీస్తే, "మీరు అడగలేదు," అన్నాడు. నా ఉద్యోగంలో ఎండనకా వాననకా తిరిగి ఒక్క కాగితం కూడా చేర్చకుండా ఉండలేదు. నాకు రావలసింది ఒకే ఒక్క కబురు. అది చేర్చలేదు.

ఇక లెక్క చెబుతాను. దావీదు చనిపోయింది గురువారం. ఆ తర్వాత శుక్రవారం, సోమవారం, బుధవారం, మళ్ళీ శుక్రవారం, సోమవారం, బుధవారం. ఆరు వంతులు. ఆరూ పడ్డాయి. అంతకుముందు పడినవి మనిషి మంచంమీద ఉండగా పడినవి. గానుగలో పనిచేసే వాళ్ళ అక్కను అడిగాను. ఆమె ఆ నెలంతా గుంటూరులో తమ్ముడి దగ్గరే ఉందట. క్వారీవాళ్ళను అడిగాను. ఎవరికీ ఆ మడుగు దారే తెలియదు. ఎవరో ఆటపట్టించారంటారు. పల్నాడులో నాతో ఆడేంత చనువు ఉన్నది ఒక్కడికే, వాడు గుంటూరులో మట్టిలో ఉన్నాడు.

నేను తెలుసుకున్న మర్నాడు, గురువారం, నా వంతుకు వెళ్ళాను. బుధవారం నాటి ఆకు వాడిపోయి ఉంది. శనివారం వెళ్ళాను. బండ ఖాళీ. ఆ తర్వాత ఎప్పుడూ ఆకు లేదు.

మంగళ, గురు, శనివారాలు నేను ఇంకా చాలా ఏళ్ళు మేత వేశాను. సోమ, బుధ, శుక్రవారాలు ఒక్కసారి కూడా వెయ్యలేదు. అవి నా వంతు కాదు. రోజు విడిచి రోజు వేసే మేతకు పెద్ద చేప నిలవదని తెలుసు. ఆదివారాలు గాలం వేసుకుని కూర్చునేవాణ్ణి, ఏమీ పడేది కాదు.

ప్రకాశం ఇప్పుడు నరసరావుపేటలో ఉన్నాడు. రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. రెండుసార్లూ ఇంట్లో లేడన్నారు. ఎక్కడికెళ్ళాడంటే గుంటూరన్నారు. ప్రకాశం, ఇది నీ కంట పడుతుంది. మీ బావ నాకు చెప్పమన్న మాట ఏమిటి? అది నీది కాదు, నాది. నాకు చేర్చు.

ఇక దావీదూ, నీకు. ఇలా రాస్తే జనం నవ్వుతారని తెలుసు, నవ్వనీ. దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనడం లేదు. ఆ ఆకు ఎవరు కోశారో, ఆ ముద్ద ఎవరు పెట్టారో నాకు తెలియదు. కానీ అది నువ్వే అయితే ఒకటి అడుగుతాను. గుంటూరు నుంచి నాగులేటి దాకా చేపలకు మేత వెయ్యడానికి రాగలిగినవాడివి, నీ వంతు ఒక్కటి కూడా తప్పనివాడివి, ఒక్క మంగళవారం, నా రోజున, నేను అక్కడ ఉన్నప్పుడు ఎందుకు రాలేదు?

జవాబు చెప్పు.