బాగున్నవి మూడు

వీధిలో అందరూ ఆవిడను టీచరమ్మ అనే పిలుస్తారు. నిజానికి ఆవిడ ఏ బడిలోనూ ఒక్క రోజు కూడా పాఠం చెప్పలేదు. చెప్పిందల్లా సొంత కూతురికే. అదీ పదకొండేళ్ళుగా, వంటగది పక్కనున్న భోజనాల బల్ల మీద. పొద్దున తొమ్మిదికి గిన్నెలు తీసేస్తే అది తరగతి గది, ఒంటిగంటకు పుస్తకాలు తీసేస్తే మళ్ళీ భోజనాల బల్ల. "మనింట్లో బడికి సెలవుల్లేవు, హెడ్మాస్టరుకి బదిలీ లేదు" అని, లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్న భర్త ఎగతాళి చేసేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు. వీధిలో ఏ పిల్లకూ తీసిపోకుండా తన కూతురికి లెక్కలు వచ్చు, రెండు భాషల్లో తప్పు లేకుండా రాయడం వచ్చు. ఆ గర్వం ఆవిడకు ఉంది. అంత చాకిరీ చేశాక ఆ మాత్రం గర్వం కూడా ఉండకూడదంటే ఎలా?

ఆ ఇంటి బడికి ఒక రూలుంది. రోజూ సాయంత్రం అమ్మాయి ఒక పేజీ రాయాలి. ఆ రోజు చదివినదాంట్లో, చేసినదాంట్లో బాగున్నవి మూడు. "నచ్చలేదు", "విసుగేసింది" అని రాయకూడదు. రాస్తే టీచరమ్మ దాని కింద ఆకుపచ్చ సిరాతో "మళ్ళీ రాయి" అని రాసి పుస్తకం వెనక్కి ఇచ్చేది. తను పుట్టి పెరిగిన ఇంట్లో పొద్దున లేస్తే సణుగుడు, పడుకునేదాకా సాధింపులు. తన కూతురి నోట అలాంటి మాట రాకూడదని ఆవిడ పంతం. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల, తల్లి గీసిన గీత దాటడం మానేసింది. ఆకుపచ్చ సిరాతో నక్షత్రాలు తప్ప ఇంకేమీ పడేవి కావు.

అమ్మాయికి పదిహేడు నిండాయి. వృత్తి విద్యా కాలేజీ నుంచి దరఖాస్తు ఫారం వచ్చింది. పదకొండు కోర్సులు, ఒక్క టిక్కు. చేరాక మార్చుకోవడానికి వీల్లేదు. శనివారం సాయంత్రం ఐదులోపు ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

"ఏది తీసుకుంటావు?" అని తల్లి అడిగితే, "నువ్వు చెప్పమ్మా" అంది కూతురు.

ఇలాంటిదేదో వస్తుందని టీచరమ్మ ముందే ఊహించింది. అందుకే ఆర్నెల్లుగా కాళ్ళరిగేలా తిరిగి, అమ్మాయిని తలా ఒక వారం పక్కన నిలబెట్టుకోమని అయిదుగురిని ఒప్పించింది. మందుల షాపు, ప్రింటింగు ప్రెస్సు, పశువుల ఆస్పత్రి, ఆడిటరు ఆఫీసు, కళ్ళద్దాల షాపు. ప్రెస్సాయన మొదట ససేమిరా అన్నాడు. మూడుసార్లు వెళ్ళి బతిమాలితే గానీ దిగిరాలేదు. అయిదు వారాలూ అయ్యాయి. అయిదు పేజీలు కాదు, ముప్ఫై పేజీలు వచ్చాయి. శుక్రవారం పొద్దున ఆవిడ వాటన్నిటినీ బల్ల మీద పరిచి, ఎక్కడ పిల్ల మనసు పడిందో వెతకడం మొదలుపెట్టింది.

మందుల షాపులో అరలు సర్దడం చాలా బాగుందట. ప్రెస్సులో సిరా వాసన చాలా బాగుందట. పశువుల ఆస్పత్రిలో డాక్టరుగారి ఓపిక చాలా బాగుందట. ఆడిటరు ఆఫీసులో ఫైళ్ళకు రంగు చీటీలు అంటించడం చాలా బాగుందట. ముప్ఫై రోజులు, తొంభై బాగున్నవి. ఏ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి ఇది ఎక్కువ, అది తక్కువ అనడానికి లేదు. టీచరమ్మకు తల తిరిగింది. పేజీలు చెప్పకపోతే మనుషులైనా చెబుతారని, కళ్ళద్దాల షాపుకి బయల్దేరింది.

షాపాయన ఒక ఫ్రేముకి మర బిగిస్తున్నాడు. ఆవిణ్ణి చూసి స్టూలు జరిపాడు.

"మంచి పిల్లండీ. మాట జవదాటదు. చెయ్యి కూడా నిదానం" అన్నాడు. అని, ఆగాడు.

"చెప్పండి, ఫర్వాలేదు."

"నాలుగో రోజు ఒక పెద్దావిడ అద్దాలు తీసుకెళ్ళిందండీ. మా కుర్రాడు కుడిదీ ఎడమదీ తారుమారు బిగించాడు. తప్పు మాదే, నేను కాదనను. ఆవిడ ఇంటికెళ్ళి మెట్టు కనబడక పడింది. మణికట్టు విరిగింది. మర్నాడు కంటి డాక్టరు రాసిన చీటీ తీసి చూస్తుంటే మీ అమ్మాయి పక్కనే ఉంది. 'ఇది నిన్ననే చూశానండీ, కుడిది ఎడమలో ఉంది' అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. 'మరి చెప్పలేదేమమ్మా?' అన్నాను. ఏమందో తెలుసా? 'బాగాలేనిది చెప్పకూడదు కదండీ' అంది."

నాలుగో రోజు పేజీ టీచరమ్మకు గుర్తుంది. షాపులో కుర్రాడు ఎంత వేగంగా పనిచేస్తాడో వర్ణిస్తూ రాసిన పేజీ. వాక్యాలు పొందిగ్గా ఉన్నాయని దానికి రెండు నక్షత్రాలు పెట్టింది. ఎవరో ఒక ముసలావిడ చెయ్యి విరగడంలో తనకు వాటా ఉందని తెలిసి, టీచరమ్మ తన ఇంటిదాకా తల దించుకునే నడిచింది.

శనివారం భోజనాలయ్యాక కూతుర్ని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఫారం మధ్యలో ఉంది. బస్సులో కాలేజీకి అరగంట, నాలుగింటికి బయల్దేరినా అందుతుంది.

"ఈ అయిదింట్లో నీకు నచ్చనివి చెప్పు" అంది.

అమ్మాయి ఇది కొత్తరకం పరీక్షేమోనని తల్లి మొహంలోకి చూసింది. "అన్నీ బాగున్నాయమ్మా."

"అద్దాల షాపాయన అంతా చెప్పాడు. తప్పు నీది కాదు, నాది. నచ్చనివి చెప్పు. నేనేం రాయను, ఏం దిద్దను."

అమ్మాయి ఫారం అంచు మడిచింది, మళ్ళీ విప్పింది. తర్వాత, ఎవరో వింటారేమో అన్నంత చిన్నగా, "మందుల షాపులో నిలబడి నిలబడి కాళ్ళు లాగేవి" అంది. తల్లి తలూపింది. "ఆడిటరు ఆఫీసులో ఏడుపొచ్చేది. ఎవరూ మాట్లాడరు." మళ్ళీ తలూపింది. "పశువుల ఆస్పత్రిలో ఒక కుక్కపిల్ల చచ్చిపోయింది. ఆ రోజు కూడా మూడు బాగున్నవి రాయాల్సొచ్చింది."

అక్కణ్ణుంచి ఆగలేదు. అయిదు చోట్లూ అయిపోయి, మాట ఇంట్లోకి వచ్చింది. పద్యాలు బట్టీపట్టడం. కిటికీలోంచి బడిపిల్లలు గుంపులుగా పోతుంటే చూడ్డం. పుట్టినరోజుకి పిలవడానికి ఒక్క స్నేహితురాలు కూడా లేకపోవడం. గోడ గడియారంలో నాలుగైంది, నాలుగున్నరైంది. టీచరమ్మకు కనిపిస్తూనే ఉంది, లేవలేదు. ఈ మాటను మధ్యలో ఆపితే మళ్ళీ ఎప్పటికీ రాదని భయం.

"ఇంకా?" అంది.

"చెప్పనా?"

"చెప్పు."

"నాకు జ్వరమొస్తే థర్మామీటరు నా చేతికే ఇచ్చి చదవమనేదానివి. సరిగ్గా చదివితే 'వెరీ గుడ్' అని వంటగదిలోకి వెళ్ళిపోయేదానివి."

టీచరమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. గంజి కాయడానికే వెళ్ళేదాన్ననీ, భయం మరిచిపోతావనే చదవమన్నాననీ చెప్పాలనిపించింది. చెబితే అదీ దిద్దినట్టే అవుతుందని నోరు నొక్కుకుంది.

అమ్మాయి గడియారం చూసి ఉలిక్కిపడింది. "అయిదు దాటిందమ్మా! ఫారం!"

"పోయింది."

"మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"నాకు తెలీదమ్మా."

"తెలీదా?" పిల్ల లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. "పదకొండేళ్ళూ అన్నీ నువ్వే చెప్పావు! ఎప్పుడు లేవాలో, ఏది బాగుందనుకోవాలో! ఇప్పుడు ఏడాది పోయాక తెలీదంటావా? నాకేం కావాలో నాకెలా తెలుస్తుంది? నాకు తెలియనిస్తే కదా!"

ఆ అరుపుకి లోపలి గదిలోంచి తండ్రి పరుగెత్తుకొచ్చాడు. ఆ ఇంట్లో కూతురు గొంతెత్తడం అతను ఎన్నడూ వినలేదు. "ఏమైంది? ఎందుకలా అరుస్తోంది?" అన్నాడు.

టీచరమ్మ చెంపలు తుడుచుకోలేదు. కుర్చీ ఒకటి అతని వైపు జరిపింది.

"దానికి నామీద కోపమొచ్చింది. అడ్డు రాకండి, కూర్చోండి. దాన్ని చెప్పనివ్వండి" అంది.