గాలి బాగుందని రాశాను

నాలుగేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. అద్దె కూడా ఇవ్వడం లేదు. చూశారా, అప్పుడే జోకు వేశాను. నా జబ్బే ఇది. ఎవరైనా ఏడుస్తుంటే ఏదో ఒకటి అని నవ్విస్తాను, వాళ్లు నవ్వగానే సంగతి తేలిపోయిందనుకుంటాను. ఇది తేలలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నాది కొత్త ఉద్యోగం. ముత్తుకూరు దగ్గర, థర్మల్ కేంద్రం బూడిద చెరువు పక్కన, ఒక కాలనీ కట్టాలని ప్రతిపాదన. అక్కడ కాపురముంటే జనం ఆరోగ్యం ఏమవుతుందో తేల్చి రాయడం మా ఆఫీసు పని. గాలి కొలవడం నా వంతు. మిషను రోజంతా గాలి పీలుస్తుంది, లోపలి తెల్ల కాగితం మీద దుమ్ము పడుతుంది, ఆ దుమ్మును తూస్తాం. దగ్గర్లో కరెంటున్న మిద్దె ఒక్కటే, చేపలమ్ముకునే మస్తానమ్మక్కది. అక్కడ పెట్టాను. రోజంతా నేను మిషను పక్కనే కాపలా ఉండాలి. నేను నెల్లూరికి సినిమాకి పోయాను.

మర్నాడు వెళితే మిషను మీద తడిగుడ్డ కప్పి ఉంది. గాలి బూడిద చెరువు వైపునుంచి తిరిగితే అక్కడివాళ్లు అన్నం గిన్నె మీద, ఎండుచేపల మీద అలాగే కప్పుతారు.

"ఏందక్కా ఇది?"

"బూడిద పడతా ఉందబ్బయా. మిషను పాడైతే మీ సారు నిన్ను తిట్టడా? ఆరినప్పుడల్లా తడుపుతానే ఉండా."

ఆ గుడ్డ పిండితే నీళ్లు బూడిదరంగులో కారాయి. లోపలి కాగితం మాత్రం పెళ్లికొడుకు పంచెలా ఉంది. మళ్లీ కొలవాలి. నేనేం చేశాను? ఆఫీసుకి పోయి కథ చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. సారు కళ్లు తుడుచుకుంటూ, "అంకె బాగుంది గదా, ఎందుకు కెలకడం?" అన్నారు. కెలకలేదు. గాలి బాగుందని రాసి సంతకం పెట్టాను. భయపడ్డానా? లేదు. లంచం తిన్నానా? అదీ లేదు, తిని ఉంటే కనీసం దొంగనని చెప్పుకునేవాణ్ణి. ఒట్టి బద్ధకం.

కాలనీ లేచింది. మస్తానమ్మక్కకీ అందులో ఇల్లొచ్చింది.

పోయిన నెల నెల్లూరు ఆసుపత్రిలో కనిపించింది. ఒళ్లో ఆరేళ్ల కూతురు స్వాతి, మూతికి మాస్కు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. దేవుడే నన్ను పంపినట్టు అక్క డాక్టరు గదిలోకి లాక్కుపోయింది. ఇంటి దగ్గర దుమ్ముందా అని ఆయన అడిగారు.

"బూడిద పడతాది సార్. అయితే ఏం కాదంట. ఈ అబ్బయ్యే మిషను పెట్టి కొలిచినాడు. ఆ ధైర్యంతోనే ఇల్లు తీసుకున్నాం."

డాక్టరు నావైపు చూశారు. "ఎంతొచ్చింది?"

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. "హద్దులోపలే సార్" అన్నాను.

"సరే. ఇంట్లో పిల్లి ఉందామ్మా?"

ఉంది. ఆ సాయంత్రమే దాన్ని తీసుకుపోయి మార్కెట్లో వదిలేశారు. నా అబద్ధానికి శిక్ష పడిన మొదటి ప్రాణి అదే. ఇది రాస్తూ నవ్వాను.

స్వాతికి తగ్గలేదు. అక్క ఫోన్ చేస్తోంది. "చదువుకున్నోడివి, ఇంకేం మాన్పించమంటావు?" అని అడుగుతోంది. ఆ ఇల్లే మానుకోమనాలి. అంటే ఎక్కడికి పోతారు? అనకపోతే ఆ పిల్ల ఇంకెన్నాళ్లు ఇలా ఎగపీలుస్తుంది? రోజూ ఈ రెండు ప్రశ్నల మధ్య తిరిగి తిరిగి, చివరికి ఫోన్ తీయడం మానేశాను. నా చదువు నేర్పిన మార్గం అది.

అక్కడి గాలి బాగాలేదు. నాకు అప్పుడే తెలుసు. తెలిసే బాగుందని రాశాను. తెలిసే డాక్టరు ముందు మళ్లీ అదే అన్నాను.

ఇంతవరకు రాశాక నాకు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. సిగ్గుగా ఉంది. ఆడవలసింది నాకు కాదు.