పన్నెండు మూరల మొసలి

మొగులయ్య చెప్పే ప్రతి అబద్ధంలోనూ ఎక్కడో ఒకచోట పన్నెండు ఉండి తీరేది. అతను తాగిన కల్లు పన్నెండు సీసాలు, తాగి నడిచిన దూరం పన్నెండు కోసులు, దారిలో అడ్డం వచ్చిన పాము పన్నెండు మూరలు. హత్నూర అవతల, మంజీరలో కలిసే వాగు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. కల్లు దుకాణంలో అతను నోరు తెరవగానే ఎవరో ఒకరు ముందే అడిగేవారు, పన్నెండేనా అని. పదమూడు ఉండెనని, మీరు నమ్మరని ఒకటి తగ్గించానని అతను ముఖం కూడా మార్చకుండా చెప్పేవాడు.

అదే మనిషి పనిలో కూర్చుంటే వేరు. ఏడో తరగతి తప్పి బడి మానేశాక బోరు మోటర్ల వైండింగ్ నేర్చుకున్నాడు. రాగితీగ చుట్టేటప్పుడు అతని లెక్క ఎన్నడూ తప్పలేదు. ఒక్క చుట్టు తక్కువైతే మోటరు కాలుతుంది, అక్కడ గొప్పలు చెల్లవు. చేతికి తెలిసిన నిజం నోటికి తెలియదని భార్య కౌసల్య తిట్టేది. అతను దాన్ని కూడా పొగడ్తే అనుకునేవాడు.

వాగుకు ఎగువన మందుల కంపెనీ ఒకటి వచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి నీళ్లు టీ డికాక్షన్ రంగుకు మారాయి. రిపేరుకొచ్చే మోటర్లలో లోపలి రేకులు చీమలు కొరికిన బెల్లంలా ఉండేవి. తొంభై ఆరు ఎండాకాలంలో బర్రెలు చావడం మొదలైంది. వాగులో మూతి పెట్టినవి పెట్టినట్టే నురగలు కక్కుకుని పడిపోయాయి. మొదట పోయింది మల్లవ్వ బర్రె. ముందూ వెనకా ఎవరూ లేని ఆ ముసలమ్మకు అదొక్కటే ఆధారం. పోయినవాటిని ట్రాక్టరు మీదికెత్తి గుంట తీసి పూడ్చినవాళ్లలో మొగులయ్య ఒకడు. ఊరంతా వేలిముద్రలు వేసి కాగితం రాశారు. సంగారెడ్డిలో ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పొమ్మంది. ఆ ఆఫీసు మళ్లీ మొదటి ఆఫీసుకే తోలింది. బర్రె చస్తే సర్కారుకు ఏం పోయింది? ఒక్క జీపు రాలేదు. ఒక్కడు దిగి వాసన చూసిన పాపాన పోలేదు.

వానలు పడ్డాక ఒక మొసలి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మంజీరలో మొసళ్లను కాపాడే చోటి నుంచి వరదలో ఎదురెక్కి వచ్చినట్టుంది. పొద్దున్నే కబురు పోయింది, మధ్యాహ్నానికల్లా రెండు జీపులు దిగాయి.

కొత్తగా బదిలీ మీద వచ్చిన రేంజరు ముక్కుకు రుమాలు కట్టుకుని మొసలి చుట్టూ తిరిగాడు. వెనక చేత్తో ముక్కు మూసుకుని ఫారెస్టు గార్డు సుందర్‌రాజు. అతని ఇంటి మోటరు చుట్టింది మొగులయ్యే. దీన్ని ఎవరు చూశారు, ఎవరు చంపారు అని రేంజరు కల్లు దుకాణం ముందు నిలబడి అడిగాడు.

ఊరికి రెండు జీపులొస్తే, నడిమధ్యలో తాను లేకపోవడం మొగులయ్య వల్ల అయ్యే పని కాదు. సీసా పక్కన పెట్టి లేచాడు. తానే చంపానన్నాడు. తోక పట్టి ఒడ్డుకు లాగానన్నాడు. పన్నెండు మూరల జంతువు, గొడ్డలితో పన్నెండు దెబ్బలు వేస్తే గాని ప్రాణం పోలేదన్నాడు. దుకాణమంతా పడిపడి నవ్వింది. రేంజరు ఒక్కడే నవ్వలేదు. ఆ ఊరికి కొత్తవాడు గనక అన్నదంతా అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాడు. చదువొచ్చా అని అడిగి కాగితం ముందుకు తోశాడు. సుందర్‌రాజు వెనక నుంచి వద్దు వద్దని తల ఊపుతూనే ఉన్నాడు. మొగులయ్య అతనికి కన్నుకొట్టి, కింద రెండు గీతలు లాగి మరీ సంతకం పెట్టాడు.

జీపు ఎక్కించినప్పుడు కూడా ఊరివాళ్లు చేతులూపారు. మొగులయ్యకు జీపు సవారీ దొరికిందనుకున్నారు.

వాగు మీది కల్వర్టు దాటేటప్పుడు ఆ కంపు లోపలికి కొట్టింది. అప్పుడు అతనికి కల్లు దిగింది, కోపం ఎక్కింది.

"మొసలిని నేను సంపలే సారూ. ఈ నీళ్లు సంపినయి. బర్రెల్ని గూడ గివే సంపినయి. జెర దిగి సూడుండ్రి."

రేంజరు రుమాలు తీయకుండానే జవాబిచ్చాడు. "నీళ్లు మా డిపార్టుమెంటు కాదయ్యా. నీళ్లలో ఉన్న మొసలి మాది."

మొసలిని చంపితే ఏడాదికి తక్కువ కాకుండా ఆరేళ్ల దాకా జైలు. ఆ నీళ్లు వదిలినవాడికి ఎంతో ఏ పుస్తకంలో రాసి ఉందో మొగులయ్యకు ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండు రోజులు లోపలున్నాడు. బెయిలు దొరికాక ఏడాదిన్నర వాయిదాలకు తిరిగాడు. మోటర్లు చుట్టే చేతులు కోర్టు మెట్ల మీద ఖాళీగా కూర్చున్నాయి.

వకీలు కమలాకుమారి కాగితాలన్నీ తిరగేసి ఒకటే దారి చూపింది. మొసలిని కోసి చూసిన డాక్టరు దాని పొడవు ఏడున్నర అడుగులని, ఒంటి మీద ఒక్క దెబ్బ లేదని రాశాడు. ఇక ఊరివాళ్లు వచ్చి, ఈ మనిషి పుట్టి ఎన్నడూ నిజం చెప్పలేదని సాక్ష్యమిస్తే చాలు. అతను చెప్పిందంతా అబద్ధమేనని తేలాలి.

"బర్రెలు సచ్చింది గూడ అబద్ధమేనా మేడం?"

ఆ సంగతి ఎత్తవద్దని, ఈ కేసుకు అది అక్కర్లేదని ఆమె చెప్పింది.

"కేసుకు అక్కర్లేదేమో. ఊరికి అక్కరనే."

నోరు జారితే ఆరేళ్లు పోతాయని కౌసల్య ఏడ్చింది. అతను పళ్లు నూరుకుని ఊరుకున్నాడు.

సాక్ష్యం చెప్పేరోజు బస్సు నిండా జనం దిగారు. మల్లవ్వ బోనెక్కి జడ్జికి దండం పెట్టి, మొగులయ్య పాములూ కోసులూ సీసాలూ వరసపెట్టి చెప్పింది.

"వీడు పన్నెండు దాటి పోలే, పన్నెండుకు తక్కువ రాలే దొరా. గా మొసలి గూడ గంతే."

కోర్టు నవ్వింది. మొసలి మీద గాయమేదీ లేదని, గొడ్డలి కూడా దొరకలేదని సుందర్‌రాజు ఉన్నదున్నట్టు చెప్పాడు. అంతా తేలిపోయింది. ముద్దాయి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి మాటవరసకు అడిగాడు. లేదని ఒక్క మాటంటే ఇల్లు చేరతాడు. కమలాకుమారి కళ్లతోనే వద్దంది.

మొగులయ్య బోనుచట్రాన్ని పట్టుకున్నాడు. మొసలి మాట అబద్ధమే, నీళ్ల మాట నిజమే అన్నాడు. మొసలి కంటే ముందు ఊరి బర్రెలు ఆ నీళ్లకే పోయాయన్నాడు.

"ఎన్ని?" అని అడిగాడు జడ్జి.

మొగులయ్య నోరు అక్కడే ఆగిపోయింది. ఒక్కొక్కదాన్ని తన చేతులతో మోసిన రోజే, తీగ చుట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాడు. పదకొండు అంటే నమ్ముతారు. పదమూడు అన్నా నమ్ముతారేమో. కాని ఒక్కటి తప్పితే మోటరు కాలుతుంది.

"పన్నెండు."

గోడలు అదిరేలా నవ్వారు. గుమస్తా కలం కింద పెట్టి నవ్వాడు. కమలాకుమారి ఫైలు అడ్డం పెట్టుకుంది. ఊరివాళ్లలో కూడా కొందరు అలవాటు కొద్దీ నవ్వేశారు. మొగులయ్యకు ఒళ్లంతా మండింది. బతుకంతా జనాన్ని నవ్వించినవాడికి నవ్వు ఇంత చేదుగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

బెంచీ మీంచి మల్లవ్వ ఎవరూ పిలవకుండానే లేచింది. వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

"నాది ఒకటి. నర్సింహమ్మవి రెండు. రామన్నవి మూడు."

నవ్వు అక్కడ తెగింది.

"వెంకటేశంవి నాలుగు. దేవమ్మది ఒకటి. ఇగ వీనిది ఒకటి, సూడిది. ఎన్నయినయో నువ్వే కూడు దొరా."

 ఈ కోర్టు ముందున్నది మొసలి ఒక్కటేనని, బర్రెల సంగతి వేరే అర్జీ పెట్టుకోవాలని జడ్జి మెల్లగా అన్నాడు. గుమస్తా కలం అందుకున్నాడు కాని బర్రెల గురించి అక్షరం రాయలేదు. కేసు కొట్టేశారు. మొసలి తెలియని కారణాల వల్ల చనిపోయిందని తీర్పులో ఉంది.

బయట వేపచెట్టు కింద సుందర్‌రాజు దగ్గరికొచ్చి, గండం గడిచింది కదా అన్నా అని చెయ్యి పట్టుకున్నాడు. మొగులయ్య చెయ్యి లాక్కున్నాడు.

"తెల్వని కారణమంట. ఆ పొద్దు వాగొడ్డున ముక్కు మూసుకొని నిలవడ్డవు. నీకు గూడ తెల్వదా?"



సోమవారం మొగులయ్య కొత్త అర్జీ పట్టుకుని మళ్లీ సంగారెడ్డి బస్సెక్కాడు. కింద బర్రెల ఆసాముల వేలిముద్రలు, ఒక్కొక్కరి పేరు పక్కన ఎన్ని పోయాయో లెక్క. ఆఫీసులో కాగితాలు తీసుకునే మనిషి దాన్ని పైనుంచి కింది దాకా చదివాడు. చివరి అంకె దగ్గర అతని మీసం కదిలింది. కథ అక్కడిదాకా పాకింది.

"మొసలాయనవు నువ్వేనా? పన్నెండేనా?"

మొగులయ్య బల్ల ముందున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నేనే. పన్నెండే. నెంబరేసి రసీదియ్యి. ఇచ్చేదాంక లేవ."