పాఠంగారి చివరి బెంచీ

ఇంట్లో ఆయన పేరు పాఠంగారు. పెట్టింది భార్య. "పాఠంగారూ, గొడుగు మర్చిపోయారు!" అని ఆమె గుమ్మంలోంచి కేకేస్తే వీధి వీధంతా వింటుంది. ఆమె అనడంలో తప్పేమీ లేదు. నలుగురూ పాఠాలు చదువుకుంటారు, చదువుకున్నవాళ్ళు చెబుతారు, ఈయన మాత్రం ఏకంగా పాఠమైపోయాడు.

ఒకప్పుడు ఆయన బట్టలు నేసి రంగులద్దే మిల్లుకు మేనేజరు. మిల్లు వెనక కాలువలో నీళ్ళు ఒకరోజు నీలంగా, ఒకరోజు ఎర్రగా పారేవి. చట్టప్రకారం అంతా సవ్యంగానే ఉంది, కాగితాలకు వంక పెట్టడానికి లేదు. వీధివాళ్ళు మాత్రం ఆ నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి గేటు ముందు నిలబడ్డారు. విలేకరులు వచ్చారు. యజమాని "ఎలాగోలా సర్దెయ్యి" అని చేతులు దులుపుకున్నాడు. ఈయన లాయరును అడిగాడు, అధికారుల్ని అడిగాడు, ఇంట్లో భార్య ప్రాణం తోడేశాడు. చివరికి ఒక సోమవారం పొద్దున, రంగుల విభాగం మూసేస్తున్నట్టు గేటుకు నోటీసు అంటించాడు. కాలువ తేటపడింది. రంగుల తొట్ల దగ్గర పనిచేసేవాళ్ళు రోడ్డున పడ్డారు. వాళ్ళ మేస్త్రి ఈయనకు స్వయానా బావ, అక్క మొగుడు.

ఆ రోజు నుంచి బావ మాట్లాడడం మానేశాడు. ఎక్కడైనా ఎదురుపడితే గోడకేసి చూస్తాడు. మధ్యలో నలిగిపోయింది అక్క.

ఈ కథ ఎలా పొక్కిందో గానీ ఊళ్ళోని బిజినెస్ స్కూలు వాళ్ళ చెవిన పడింది. అక్కడొక కోర్సుంది, మార్కెట్ బయటి వ్యూహాలు, నైతిక నాయకత్వం అని నోరు తిరగని పేరు. విప్పి చెబితే ఇంతే: సరుకు అమ్ముకోవడం ఒక ఎత్తు, వీధివాళ్ళతోనూ ప్రభుత్వంతోనూ పత్రికలతోనూ వేగడం ఇంకో ఎత్తు. ఆ వేగడంలో మంచితనం పోగొట్టుకోకుండా ఉండడం ఎలాగో నేర్పుతారు. దానికోసం ఈయన కథను పాఠంగా రాసుకున్నారు. మేనేజరు కిటికీలోంచి గుంపును చూస్తూ నిలబడ్డ దగ్గర పాఠం ఆగిపోతుంది. "మీరైతే ఏం చేస్తారు?" అని పాఠం చెప్పే మేడం పిల్లల్ని అడుగుతుంది. ఏటా ఆ రోజున ఈయన్ని పిలిచి, ఎవరో చెప్పకుండా చివరి బెంచీలో కూర్చోబెడతారు. వాదన ముగిశాక లేచి, తనేం చేశాడో చెప్పాలి. పిల్లలు నోరెళ్ళబెడతారు, తర్వాత చప్పట్లు కొడతారు.

చప్పట్ల కోసమే వస్తున్నాడని మేడం అనుకుంటుంది. కాదు. తను చూడని దారి ఒకటి ఉండేదేమో, ఏ కుర్రాడి నోటినుంచైనా అది ఊడిపడుతుందేమో అని ఆయన చెవులు రిక్కించి కూర్చుంటాడు. ఉందని తేలితే, బావ బతుకును అన్యాయంగా పాడుచేసినవాడవుతాడు. అది తెలిసి కూడా తెలుసుకోకుండా ఉండలేడు. ఏం మనిషో!

ఈ ఏడూ పిల్లలు ఆయన్ని చీల్చి చెండాడారు. "ఆ మేనేజరు ఒట్టి పిరికివాడు" అన్నాడొకడు. "విలేకరుల్ని ముందే మంచి చేసుకునుంటే గొడవే ఉండేది కాదు" అన్నాడు ఇంకొకడు. పాఠంగారు ముసిముసిగా నవ్వుకున్నాడు. ఇవన్నీ పాతవే. అప్పటిదాకా పెన్ను కొరుకుతూ కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"నాకొక డౌటు, మేడం. ఆ మేనేజరు అందర్నీ అడిగాడు కదా, తొట్ల దగ్గరవాళ్ళని ఎందుకు అడగలేదు?"

"అడిగితే మూసెయ్యొద్దంటారు, అంతేగా" అన్నాడు పిరికివాడన్న కుర్రాడు.

"అంటారేమో. కానీ అంటారని ఆయనకెలా తెలుసు?"

క్లాసు ఇంకో వాదనలో పడిపోయింది. పాఠంగారు మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయాడు. మేడం పిలిస్తే లేచి, ఏటా చెప్పేది సగం చెప్పి ఆగిపోయాడు. "ఆ అమ్మాయి అడిగినదానికి నా దగ్గర జవాబు లేదమ్మా. నాకసలు తట్టనేలేదు" అన్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

ఆయన సరాసరి అక్క ఇంటికి వెళ్ళాడు. బావ వరండాలో బల్లమీద కూర్చుని, టేబుల్ ఫ్యాను విప్పి రెక్కలు తుడుస్తున్నాడు. ఈయన్ని చూడగానే గోడకేసి తిరిగాడు. లోపల అక్క ఉన్నచోటే నిలబడిపోయింది.

"బావా, ఒక్కటి అడిగి వెళ్ళిపోతాను. ఆ రోజు మూసేముందు నిన్ను అడిగుంటే ఏమనేవాడివి?"

గుడ్డ రెక్కమీద చాలాసేపు అటూ ఇటూ తిరిగింది.

"ఇన్నాళ్ళకి అడుగుతున్నావా?" అన్నాడు బావ, గోడతో చెబుతున్నట్టు. "రెండు రోజులు నీతో పోట్లాడేవాణ్ణి. నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. మూడోరోజు నేనే మూసెయ్యమనేవాణ్ణి. మేం తాగింది ఆ కాలువ పక్క బోరు నీళ్ళేరా. ఆ రంగు నాకు కనపడలేదనుకున్నావా?"

బావ గుడ్డ దులిపి, ఇంకో రెక్క అందుకున్నాడు.

"నా చేత్తో నేను ఆపుంటే, పని పోయినా, ఆపింది నేనేనని చెప్పుకునేవాణ్ణి. నువ్వు అదీ మిగల్చలేదు. దారినపోయేవాడిలా గేటు మీద చదువుకుని ఇంటికొచ్చాను."

క్షమించు బావా అనబోయాడు. మాట పూర్తికాకముందే, ఆ వయసులో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బావ తుడవడం ఆపి, బల్లమీద కాస్త పక్కకు జరిగాడు.

"ఏడుద్దువుగానీ కూర్చో. ఈ ప్రశ్న నీ బుర్రలో పుట్టింది కాదు. ఎవరడిగారు?"

"బిజినెస్ స్కూల్లో ఒక అమ్మాయి. మన మిల్లు కథే అక్కడ పాఠం."

"ఆ పాఠంలో నేనున్నానా?"

"లేవు బావా."

బావ మొట్టమొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు.

"మరి ఆ పిల్లకి నేనెలా కనపడ్డానురా?"