ఎర్ర చిప్పల గిన్నె

ఫెస్టస్ చెయ్యి పడితే లేవని ఇంజను ఆ ఉప్పునీటి కయ్యలోని దీవుల్లో లేదు. పడవ మోటారు దగ్గినా, జనరేటరు మొండికేసినా తెచ్చి అతని గుమ్మంలో పడేసేవాళ్ళు. విప్పి చూడగలిగిందేదైనా బాగుచెయ్యగలనని అతనికి ఇంతలావు గర్వం. నెస్టాకి పక్షవాతం వచ్చిన రోజున ఆ గర్వం ఎందుకూ కొరగాకుండా పోయింది. భార్య కుడిచేతిని విప్పి చూసే వీలు ఎవరికుంది?

నెస్టా చెయ్యంటే మాటలు కాదు. ఆ దీవులుండే మలైటాలో పెళ్ళి కుదరాలన్నా, తగాదా తీరాలన్నా సముద్రపు చిప్పలతో చేసిన పూసల దండలు డబ్బులా చేతులు మారాలి. ఆ పూసలకి బెజ్జం వేసేది ఆడవాళ్ళే. తెల్ల చిప్ప ఎవరి మాటైనా వింటుంది. ఎర్ర చిప్ప పొగరుమోతుది, మోటారు డ్రిల్లు వెంట్రుకవాసి ఒరిగినా ఠప్పున పగులుతుంది. ఉత్తచేత్తో డ్రిల్లు పట్టుకుని ఎర్ర చిప్పని లొంగదీసింది ఆ దీవి మొత్తానికీ నెస్టా ఒక్కతే.

పట్నం ఆస్పత్రిలో చూసి, మాట వస్తుంది, చెయ్యి సంగతి చెప్పలేమన్నారు. మాట నిజంగానే వచ్చింది, కాస్త నత్తితో. చెయ్యి మాత్రం ఒళ్ళో ముడుచుకుని ఉండిపోయింది. ఫెస్టస్ దానికి కొబ్బరినూనె రాశాడు, కాపడం పెట్టాడు, పాస్టరు చేత ప్రార్థన చేయించాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక దాని పక్కన కూర్చుని చూస్తూండేవాడు.

ఆడవాళ్ళు పనిచేసే పాకలో ఫెస్టస్ అక్క ఏతెల్‌దే పెత్తనం. దొరికిన ఎర్ర చిప్పలన్నీ ఒక సత్తుగిన్నెలో పోసి పక్కన పెట్టింది. "దీని జోలికెవరైనా వచ్చారో, వేళ్ళు విరగ్గొడతా. నెస్టా లేస్తుంది, నెస్టాయే వేస్తుంది" అంది. నెస్టా పొద్దున్నే గోడ పట్టుకుని నడిచి వెళ్ళి ఆ గిన్నె పక్కన కూర్చునేది. వక్క నములుతూ అందరి పనికీ వంకలు పెట్టేది.

"నీకు చెయ్యెందుకే, నోరుందిగా!" అనేది ఏతెల్. పాకంతా గొల్లుమనేది. నెస్టా కూడా నవ్వేది.

మగవాళ్ళు ఆ పాకలో అడుగుపెట్టరు. కాబట్టి ఆ నవ్వులు ఫెస్టస్‌కి తెలియవు. గిన్నె నిండిపోతోందని మాత్రం ఏతెల్ చెప్పగా తెలుసు. ఒకరోజు పెరట్లో నెస్టా ఎడంచేత్తో డ్రిల్లు పట్టుకుని తంటాలు పడుతూ కనిపించింది. చుట్టూ ఎర్ర ముక్కలు. అతను చూశాడని తెలియగానే వాటిని కాలితో ఇసకలోకి తోసేసింది. ఫెస్టస్ వంగి ఒక ముక్క ఏరి, పగులు ఎటు పోయిందో చూశాడు.

'వంకర పోతున్నది డ్రిల్లే కదా, దాన్ని వంకర పోనివ్వకపోతే సరి' అనుకున్నాడు. ఇంజన్లవాడి బుర్ర అంతకన్నా ఎటు పోతుంది!

పాత పడవ చెక్కని పీటగా కోశాడు. దానిమీద రెండు నీళ్ళ గొట్టాలు నిలబెట్టి, వాటిమీద పైకీ కిందికీ జారేలా ఇంకో రెండు లావుపాటి గొట్టం ముక్కలు తొడిగాడు. ఆ ముక్కలకి డ్రిల్లుని మెడ దగ్గర క్లిప్పుతో బిగించాడు. నొక్కడానికి విరిగిన తెడ్డు పిడి, వదిలితే పైకి లాగడానికి ట్యూబు రబ్బరు. చిప్ప కదలకుండా పీటలో చిన్న గుంట తొలిచాడు. మొదటిసారి మొత్తం ఊగింది. గొట్టాల సందుల్లో రేకుముక్కలు దోపి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పి, చివరికి మెదలకుండా నిలబెట్టాడు.

"నొక్కు" అన్నాడు.

"పగులుద్ది."

"నొక్కవే నీ మొహం!"

నెస్టా ఎడంచేత్తో పిడి నొక్కింది. బెజ్జం పడింది. పూసని కంటికి ఆనించుకుని సూర్యుడి వైపు చూసింది. ఆమె నవ్వు ఒకవైపే వచ్చింది, అయినా వచ్చింది. ఫెస్టస్ మొహం తిప్పుకుని ఏడ్చాడు.

మర్నాడు ఆ యంత్రాన్ని పాక గుమ్మం దాకా మోసి ఆడవాళ్ళకి అప్పగించి, దూరపు దీవిలో చర్చి జనరేటరు బాగుచెయ్యడానికి పడవెక్కాడు. విడిభాగాలు రాక అక్కడ చాలా రోజులే చిక్కుకుపోయాడు.

తిరిగొస్తుంటే నీళ్ళమీదికే డ్రిల్లు చప్పుడు వినిపించింది. ఒకే తీరుగా, ఆగకుండా. 'నా నెస్టాయే!' అనుకుని తెడ్డు గబగబా వేశాడు.

పాక గుమ్మంలోంచి చూస్తే, పీట ముందు కూర్చున్నది నెస్టా కాదు. ఏతెల్ కూతురు ఫ్లోరీ.

"మామయ్యా, చూడు! కళ్ళు మూసుకుని వేస్తా, చూస్తావా?"

ఏతెల్ ఎదురొచ్చి అతని బుగ్గలు పుణికింది. "ఒరేయ్ తమ్ముడూ, నీ చేతులకి దండం పెట్టాలిరా! ఎర్ర చిప్పంటే మొన్నటిదాకా గడగడలాడాం. ఇప్పుడు దీవిలో ఎవత్తైనా వేసేస్తోంది."

పాక మూల సత్తుగిన్నె బోర్లించి ఉంది.

"నెస్టా ఏదే?"

"ఇంట్లోనే. పాకకి రావడం మానేసింది. పోన్లే, ఎన్నేళ్ళు చాకిరీ చేసిందో, కాస్త విశ్రాంతి తీసుకోనీ."

ఆ మాట ప్రేమగానే అంది. ఫెస్టస్ ఇంటివైపు నడిచాడు. ఎవరిమీద కోప్పడాలి? తన చేతులమీదా?

ఇంట్లో నెస్టా చాపమీద కూర్చుని ఉంది. ముందు పాకలోవాళ్ళు బెజ్జం వేసిన ఎర్ర పూసల కుప్ప. ఎడంచేత్తో ఒక్కొక్కటే తీసి, వెలుగుకి పెట్టి చూసి, పక్కన వేస్తోంది.

"ఆ యంత్రాన్ని విప్పి పారేస్తానే" అన్నాడు.

"విప్పితే? ఎర్రవి ఎవరు వేస్తారు? నేనా?"

అతను ఆమె పక్కన కూలబడ్డాడు. విప్పగలడు, నిమిషాల పని. విప్పి మాత్రం ఏం బాగుచేస్తాడు?

నెస్టా ఇంకో పూస తీసి వెలుగుకి పెట్టింది.

"పొద్దుట్నుంచీ వెతుకుతున్నానయ్యా" అంది, నత్తి మాటలు కూడదీసుకుంటూ. "ఒక్క బెజ్జమైనా వంకరగా ఉంటుందేమోనని. ఒక్కటీ లేదు."