గెలుపు విందులో బఠాణీలు

బోకెన్ బతుకంతా ఒక్క రాగి కాగుతోనే గడిచింది. మా హంగరీ సేనాపతి కొండల అవతలున్న రూస్ వాళ్ల రాజ్యం హాలిచ్ మీదికి దండెత్తిన ప్రతిసారీ, తాతలనాటి ఆ కాగును బండికెక్కించుకుని కొండలు దాటి వెళ్లి దండుకు వండిపెట్టడమే వాడి ఉద్యోగం.

ఆ సేనాపతికి ఒక పాడు అలవాటు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, యుద్ధం మొదలవకముందే గెలుపు విందు పొయ్యెక్కించేవాడు. తిరిగొచ్చేసరికి వేడివేడిగా ఉండాలట! మొదటి రెండుసార్లూ ఆయన తిరిగి రానేలేదు, అడవిదారిన పడి పరుగెత్తాడు. వచ్చింది రూస్ రాజుల సైనికులు. వాళ్లు గొర్రెమాంసం లొట్టలేసుకుంటూ తిని, ఇంత బాగా వండేవాణ్ని చంపితే పాపమని వదిలేశారు. రెండోసారైతే రాద్కో అనే గడ్డం సైనికుడు, మళ్లీ ఎప్పుడొస్తావని కూడా అడిగాడు.

మూడో యుద్ధం బుధవారం వచ్చిపడింది. బుధవారం రూస్ వాళ్లకు ఉపవాసం, మాంసం ముట్టరు. మావాళ్లకు ఆ పట్టింపు లేదు. మాంసం వండితే రాద్కో మనుషులకు బోకెన్‌తో పనేముంది? కుత్తుక కోసి పోతారు. బఠాణీలు వండాక సేనాపతి గెలిచొస్తే ఆయనే కోస్తాడు. పారిపోదామంటే కాగును వదల్లేడు. ఎవరు గెలుస్తారో వంటవాడు తేల్చుకోవలసి రావడం కంటే దౌర్భాగ్యం ఉంటుందా! చివరికి బోకెన్ పాత అనుభవాన్నే నమ్ముకున్నాడు. గొర్రెను అడవిలోకి తోలేసి, బఠాణీలూ ఉల్లిపాయలూ కాగులో పోశాడు.

తీరా చూస్తే ఆ రోజు సేనాపతి గెలిచాడు. గెలిచాడయ్యా, ఎన్నడూ లేనిది! బందీలను తాళ్లతో కట్టి మరీ తెచ్చాడు. గుర్రం దిగి, కాగులోకి తొంగిచూసి, ఎవరికిరా ఈ గడ్డి అని కత్తి మీద చెయ్యి వేశాడు. బోకెన్ గరిటె పట్టుకునే వంగి దండం పెట్టాడు.

"తమరు పట్టితెచ్చే బందీలకు దొరా. ఇవాళ వాళ్లకు ఉపవాసం. తమరెటూ గెలుస్తారు గదా, వందమందైనా వస్తారని కాగు నిండా వండాను."

సేనాపతి మీసం మెలేశాడు. దండు మొత్తంలో తనమీద నమ్మకమున్నవాడు వీడొక్కడేనని అందరికీ వినబడేలా చెప్పి, తన ఉంగరం తీసి వాడి వేలికి తొడిగి, ఎండు రొట్టె కొరుక్కుంటూ గుడారంలోకి పోయాడు.

తిండి కోసం బందీల చేతులు విప్పారు. వరుసలో రాద్కో కూడా ఉన్నాడు. ఒక ముద్ద తిని, బోకెన్ మొహంలోకి చూశాడు.

"నిజం చెప్పు తమ్ముడూ, ఎవరికని వండావు?"

బోకెన్ అటూ ఇటూ చూసి, వాడి గిన్నెలో ఇంకో గరిటె వేశాడు.

"నీకే అన్నా. కాకపోతే నువ్వు గుర్రం మీద వస్తావనుకున్నాను."