సంతలో వేసిన సూది

చింతపల్లి దాటాక పద్దెనిమిది కిలోమీటర్లు. డిసెంబరు, ఉదయం ఏడు గంటలు. ట్రక్కు దిగేసరికి చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. కాఫీ తోటల మధ్య ఇసుక బస్తాలు పేర్చిన క్యాంపు, నలభై మంది జవాన్లు. వాళ్ళకి నేను నర్సింగ్ అసిస్టెంటుని. ఒక మందుల పెట్టె, ఒక స్ట్రెచరు అప్పగించారు.

రెండో వారం ఆర్డరు వచ్చింది. గురువారం సంతలో వైద్య శిబిరం పెట్టాలి. పదింటికి మొదలు. ఒంటిగంటకి పెద్ద ఆఫీసరు వచ్చేసరికి వంద మందిని చూసేయాలి. అక్కడి జనానికి మాత్ర ఇస్తే వైద్యం చేసినట్టు కాదు, సూది పడాల్సిందే. మా క్యాంపు పద్ధతి ఏమిటంటే, ఎవరినీ పడుకోబెట్టరు. బల్ల పట్టుకుని నిలబడమని, బట్ట కాస్త జరిపి పొడిచేస్తారు. నాకు ముందున్నవాడు అలాగే చేశాడు, నేనూ చేశాను. తలుచుకుంటే నా మీద నాకే రోత.

తెలియక కాదు. శిక్షణలో డాక్టరుగారు చాక్‌పీసుతో గీసి మరీ చూపించారు. పిరుదుని నాలుగు భాగాలు చేస్తే, పైన బయటి వైపు భాగమే సూదికి చోటు. కిందుగా కాలికి పోయే పెద్ద నరం ఉంటుంది, పెద్దవాళ్ళలో చిటికెన వేలంత లావు. అది దెబ్బతింటే పాదం పైకి లేవదు.

పన్నెండున్నరకి ఒక తల్లి తొమ్మిదేళ్ళ కూతుర్ని తెచ్చింది. జ్వరం. బక్కపిల్ల, ఒంటి మీద కండే లేదు. పావడా బొందు మొండిముడి పడిపోయింది. అప్పుడే వాకీటాకీలో క్యాంపు కమాండరు.

"ఎంతమంది అయ్యారు?"

"డెబ్బై, సార్."

"సారు బండి ఘాట్ ఎక్కింది. చెయ్యి కదుపు."

ముడి విప్పలేదు. పావడా కింది నుంచి ఎత్తి పొడిచాను. పిల్ల కాలు బొటనవేలి దాకా జివ్వున అదిరింది. సూది ఎక్కడ తగిలిందో ఆ క్షణమే తెలిసింది. వెంటనే తీసేయాలి. తీయలేదు. మిగిలిన మందు కూడా ఎక్కించి, తర్వాతి వాళ్ళని రమ్మన్నాను. ఆఫీసరు వచ్చారు. బిస్కెట్లు పంచుతూ ఫొటోలు దిగాం. నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా.

మరుసటి గురువారం ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ముఖంలో కోపమేమీ లేదు.

"బాబూ, గుంటకి జొరం తగ్గిపోనాది. పాదమే లెగడం నేదు. ఇంకో సూదేత్తావేటి?"

కమాండరుకి నిజం చెప్పాను. పుట్టుకతోనే అలా ఉందని రిజిస్టరులో రాయమన్నాడు. రాశాను. ఆ చేత్తోనే మధ్యాహ్నం అన్నం తిన్నాను.

ఇప్పుడు ఒక మెడికల్ కాలేజీలో, శవాలు కోసే గదిలో అటెండరుని. సర్జరీ చదివే పిల్లలు ఆ నరాన్ని పైకెత్తి దాని కొమ్మల పేర్లు గడగడా చెబుతారు. అది చూసినప్పుడల్లా క్యాంపు వదిలిన రోజే గుర్తొస్తుంది. మార్చి, ఉదయం ఎనిమిది. మా ట్రక్కు సంత దగ్గర ఆగింది. ఆ పిల్ల తల్లి వెనకాల వెళుతోంది. చదునైన నేల మీద, లేని మెట్టేదో ఎక్కుతున్నట్టు, అడుగడుక్కీ మోకాలు అంతెత్తున లేపి పాదాన్ని టప్పున పడేస్తోంది.